ఇసుక దిబ్బ ఖాళీ జాగా కాదు

సముద్రం ఒడ్డున కాస్త ఎత్తుగా, ముళ్లగడ్డి మొలిచి, సాగు లేకుండా పడి ఉన్న ఇసుక మేటను చూస్తే చాలామందికి అది ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. రెవెన్యూ రికార్డుల్లో చాలాచోట్ల అది పోరంబోకు. కాంట్రాక్టరుకు పునాదులు నింపే సరుకు. లేఅవుట్ వేసేవారికి చదును చేయాల్సిన మెరక. రిసార్టు కట్టేవారికి గదిలోంచి సముద్రం కనపడనివ్వని అడ్డు. ఆ ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. తీరంలో దిబ్బ బతకడమూ చావడమూ ఆ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటాయి. కొండల్లో రాయి చితికి, నదిలో కొట్టుకొచ్చి, సముద్రంలో కలిసి, అలల మీద ఒడ్డుకు చేరి, గాలికి లోపలికి జరిగిన ఇసుక అక్కడ కొంతకాలం ఆగుతుంది. తుపాను వస్తే అలలు అందులోంచి కొంత పట్టుకుపోతాయి. సముద్రం నెమ్మదించిన నెలల్లో మళ్లీ తెచ్చి పెడతాయి. ఈ రాకపోకల్లో ఏ ఒక్కచోట అడ్డుపడినా నష్టం ఇంకెక్కడో, ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆంధ్ర తీరంలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

గాలి ఇసుకను ఎలా మోస్తుందన్న ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతికినవారు రాల్ఫ్ బాగ్నాల్డ్. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరుగా ఈజిప్టులో పనిచేస్తూ 1920ల చివర్లో ఫోర్డ్ కార్లలో లిబియా ఎడారిలోకి దూసుకెళ్లినవారాయన. తర్వాత ఇంగ్లండులో ఒక గాలి సొరంగం కట్టి, అక్కడ చూసినదాన్ని కొలతల్లో పెట్టారు. ఇసుక దుమ్ములాగా గాలిలో తేలదు. గెంతుతుంది. పావు మిల్లీమీటరు రేణువు కదలాలంటే గాలికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం ఉండాలి. ఒకసారి లేచిన రేణువు కొద్ది దూరం ఎగిరి, కిందపడేటప్పుడు మరికొన్నిటిని గుద్ది లేపుతుంది. అవి ఇంకొన్నిటిని లేపుతాయి. ఈ గెంతులన్నీ దాదాపుగా మోకాలి ఎత్తులోపే జరుగుతాయి. ఇసుకను ఆపడానికి ఎత్తయిన గోడలు అక్కర్లేకుండా జానెడు గడ్డి చాలడానికి కారణం ఇదే.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే అది మోసే ఇసుక రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లో అంతకన్నా ఎక్కువో అవుతుంది. అందువల్ల ఏడాదిలో కొద్ది రోజులు వీచే బలమైన గాలులే దిబ్బ ఆకారాన్ని తేలుస్తాయి. మిగతా రోజుల్లో వెళ్లి చూసి "ఇది కదలడం లేదు కదా" అనుకుంటే పొరపాటే.

గాలి తగిలే వైపు దిబ్బ వాలుగా, ఎక్కడానికి తేలిగ్గా ఉంటుంది. అవతలి వైపు దాదాపు 30 నుంచి 34 డిగ్రీల నిటారు వాలు ఉంటుంది. పొడి ఇసుక అంతకన్నా నిటారుగా నిలవలేదు. పైన పోగైనకొద్దీ జారి పడుతుంది. ఇవతలి నుంచి లేచిన ఇసుక అవతల జారిపోతూ ఉంటే మొత్తం దిబ్బే ముందుకు నడిచినట్టవుతుంది. ఇసుక తక్కువగా ఉండి గాలి ఒకే దిక్కు నుంచి వీచే ఎడారుల్లో నెలవంక ఆకారపు దిబ్బలు ఏర్పడి, కొమ్ములు ముందుకు చాచి కదులుతాయి. వాటిలో చిన్నవే వేగంగా పోతాయి. పెద్దదాన్ని కదపాలంటే ఎక్కువ ఇసుకను మోయాలి కాబట్టి పెద్దవి వెనకబడతాయి. మొక్కలు మొలిస్తే ఆకారం తిరగబడుతుంది. రెండు చివర్లనూ వేళ్లు పట్టి ఆపితే మధ్య భాగం ముందుకు పోతుంది, కొమ్ములు వెనక్కి ఉండిపోతాయి. రాజస్థాన్‌లోని థార్‌లో ఇలాంటివి ఎక్కువ. నైరుతి నుంచి వీచే వేసవి గాలులు, కొద్దిపాటి వానకు మొలిచే పొదలు కలిసి చేసిన పని అది.

ఎడారికీ సముద్రానికీ సంబంధమే లేదనుకునేవారికి ఆఫ్రికా నైరుతి అంచున ఉన్న నమీబ్ మంచి జవాబు. అక్కడి దిబ్బల్లోని ఇసుకలో ఎక్కువ భాగం ఆరెంజ్ నది దక్షిణాఫ్రికా కొండల నుంచి తెచ్చి అట్లాంటిక్‌లో పోసినదే. ఒడ్డు వెంట ప్రవాహం దాన్ని ఉత్తరానికి తోసింది, అలలు ఒడ్డుకెక్కించాయి, దక్షిణపు గాలులు లోపలికి మోశాయి. చల్లని బెంగ్వేలా ప్రవాహం వల్ల వాన కురవదు గానీ పొగమంచు మాత్రం వస్తుంది. ఆ తేమే అక్కడి జీవాలకు నీటి ఆధారం. 2013లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. నది, సముద్రం, ఒడ్డు, గాలి అనే వరస అక్కడ ఎంత స్పష్టంగా ఉందో గోదావరి, కృష్ణా ముఖాల దగ్గరా అంతే స్పష్టంగా ఉంది. తేడా అల్లా మన దగ్గర వాన పడుతుంది కాబట్టి గాలి చాలా దూరం మోయకముందే మొక్క పట్టేసుకుంటుంది.

థార్ మనుషులకు ఉన్న భయం దిబ్బ వచ్చి పడుతుందని. పొలం, బావి, రోడ్డు, రైలు పట్టాలు కప్పేస్తుందని. 1959లో ఆ పేరుతో పునర్వ్యవస్థీకరించిన జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ దిబ్బల మీద గాలికి అడ్డంగా ఎండు కంపతో చిన్నచిన్న దడులు కట్టి, వాటి నీడన మొక్కలు నాటే పద్ధతిని వ్యాప్తి చేసింది. అక్కడి రైతు పొలంలో ఉంచుకునే ఖేజ్రీ చెట్టు మన జమ్మి చెట్టే. దసరాకు పూజించేది, తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నది అదే. కాయ కూరకు, ఆకు మేతకు, కలప వంటచెరకుకు పనికొచ్చే ఆ చెట్టు ఎడారిలో వేళ్లు లోతుగా దింపి నేలను పట్టుకుంటుంది. తీరంలో ఉండాల్సిన భయం దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ దిబ్బ రావడం ముప్పు కాదు, పోవడమే ముప్పు. ఎడారిలో పనికొచ్చిన ఆలోచనను, అంటే ఇసుకను ఎలాగోలా కదలకుండా చేయాలన్నదాన్ని, తీరానికి తెచ్చి అంటగట్టడం వల్లే మన దగ్గర చాలా తప్పులు జరిగాయి.

తీరంలో దిబ్బ పుట్టుక చూడముచ్చటగా ఉంటుంది. పెద్ద పోటు వదిలివెళ్లిన చెత్త గీత దగ్గర, ఒక కొయ్య ముక్కకో గడ్డి దుబ్బుకో ఇసుక ఆగుతుంది. పిడికెడు మేట అవుతుంది. అక్కడ మొదట చేరేవాటిలో బాలబంద తీగ ఒకటి. మేక గిట్టలా చీలిన మందపాటి ఆకులు, ఊదారంగు పూలు, ఇసుక మీద పాకుతూ కణుపు కణుపునా వేరు దింపే తీగ. దాని పక్కనే రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి. పండిన తర్వాత దాని ఆడ గుత్తి ముళ్ల బంతిలా విడిపోయి, గాలికి బీచ్ అంతా దొర్లుతూ, తడి తగిలి ఆగినచోట గింజలు రాలుస్తుంది. మామూలు మొక్కను ఇసుకలో పూడిస్తే చస్తుంది. ఈ గడ్డిని పూడిస్తే కొత్త కణుపు తీసి పైకొస్తుంది. ఇసుక పడేకొద్దీ గడ్డి ఎదుగుతుంది, గడ్డి ఎదిగేకొద్దీ ఇంకొంత ఇసుక ఆగుతుంది. ఈ ముందు వరస కుదురుకున్నాక దాని వెనక మొగలి పొదలు, ఆపైన తాటి చెట్లు, జీడిమామిడి వస్తాయి. ఉప్పుగాలికి ఓర్చేవి ముందు, ఓర్చలేనివి వెనక. బీచ్ అందంగా కనపడాలని జేసీబీతో ఈ ముళ్లగడ్డిని గీకేసే పని ప్రతి పర్యాటక సీజన్‌కు ముందూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. దిబ్బను కట్టే మేస్త్రీని ముందు తరిమేసి తర్వాత గోడకు టెండర్ పిలవడం ఇది.

దిబ్బ చేసే పనుల్లో బయటికి కనపడనిది నీళ్లు దాచడం. వాన నీరు ఇసుకలో ఇట్టే ఇంకిపోతుంది. కింద ఉన్న ఉప్పునీటి కన్నా మంచినీరు తేలిక కాబట్టి దాని మీద ఒక పొరగా నిలుస్తుంది. ఈ రెంటి బరువుల తేడాను బట్టి, సముద్ర మట్టానికి పైన మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉండగలదని 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఒక డచ్ ఇంజనీరు, ఒక జర్మన్ ఇంజనీరు వేర్వేరుగా లెక్క తేల్చారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి దిబ్బల్లోంచి తాగునీరు తెచ్చుకుంటోంది. ఈ లెక్కను తిప్పి చదివితే సంగతి అర్థమవుతుంది. దిబ్బను చదును చేయడం వల్ల పైన నీటి మట్టం ఒక అడుగు తగ్గిందంటే, కింద 40 అడుగుల మేర ఉప్పునీరు పైకి రావడానికి దారి తీసినట్టే.

బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక నేలల రైతులకు ఈ సూత్రం పుస్తకం చదవకుండానే తెలుసు. వాళ్ల దొరువులే దానికి సాక్ష్యం. దొరువు అంటే ఇసుకలో పైన వెడల్పుగా, కిందికి సన్నగా తవ్విన గుంట. కొద్ది అడుగుల్లోనే నీరు ఊరుతుంది. దిగడానికి ఒక వైపు వాలు ఉంచుతారు. కడవలతో దిగి, ముంచుకుని, పైకి వచ్చి మొక్క మొక్కకూ పోసేవారు. ఎండాకాలంలో నడుములు విరిగే చాకిరీ అది. కానీ అందులో ఒక జాగ్రత్త ఉంది: పైపొరలో ఉన్న మంచినీటిని మాత్రమే నెమ్మదిగా తీసుకోవడం. ఇంకొంచెం లోతుకు పోతేనో, మోటారు పెట్టి గబగబా లాగితేనో ఉప్పునీరు పైకి లేస్తుంది. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు తర్వాత ఈ దొరువునే మెరుగుపరిచారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, అవి మధ్యలో ఉన్న ఒరల బావిలోకి నీరు చేర్చేలా చేశారు. ఒక్కచోట లోతుగా లాగకుండా చాలాచోట్ల పైపైనే సేకరించడం ఇందులో కిటుకు. గుంట కోసం వదిలేసే నేల కూడా మిగిలింది. ఊరి అనుభవాన్ని కొట్టిపారేయకుండా దాని మీదే కట్టిన ఇలాంటి పరిశోధన అరుదు, దీనికి రావలసినంత పేరు రాలేదు. అదే నేలలో పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వితే మాత్రం దొరువు నిలవదు. ఇసుక అన్నిటినీ ఇంకించుకుంటుంది, ఉప్పును కూడా.

ఇక తుపాన్ల మాట. దిబ్బ గోడలాగా నిలబడి కెరటాన్ని ఆపుతుందని అనుకుంటాం. చాలాసార్లు అది కరిగిపోతూ ఆపుతుంది. దిబ్బ మొహం కోసుకుపోయి ఆ ఇసుక ముందు నీళ్లలో గట్టుగా పరుచుకుంటుంది. అలలు అక్కడే విరిగి బలం కోల్పోతాయి. 2004 సునామీ తర్వాత శ్రీలంక తీరాన్ని పరిశీలించిన నిపుణులు యాలలో ఒక హోటల్ సంగతి నమోదు చేశారు. సముద్రం బాగా కనపడాలని ముందున్న దిబ్బను కొంత తీసేశారు. హోటల్ పూర్తిగా ధ్వంసమైంది. చుట్టుపక్కల దిబ్బలు చెక్కుచెదరని చోట్ల నష్టం తక్కువ.

సునామీ తర్వాత తమిళనాడులో, ఆంధ్రలో తీరం పొడవునా సరుగుడు తోటల పెంపకం ఊపందుకుంది. సరుగుడును తక్కువ చేయనక్కర్లేదు. ఉప్పు ఇసుకలో నాలుగైదేళ్లలో చేతికొచ్చి, కర్రకు, కాగితం గుజ్జుకు అమ్ముడుపోయే చెట్టు అది. ఎంతో మంది చిన్న రైతులకు అదే ఆధారం. వెనక నేలల్లో గాలికి అడ్డుగానూ పనికొస్తుంది. పేచీ దాన్ని ముందు వరస దిబ్బ మీదికి తెచ్చినప్పుడే. నాటడానికి దిబ్బను చదును చేస్తారు. దట్టంగా రాలే సూదాకుల కింద బాలబంద, ముళ్లగడ్డి బతకవు. ఒడ్డుకు మరీ దగ్గరగా వేస్తే వేళ్లు, రాలిన ఆకు మందంగా పేరుకుని ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు లేకుండా పోతుంది. ఇసుకను ఇచ్చి పుచ్చుకునే దిబ్బ పోయి, కోసుకుపోతే మళ్లీ పెరగని గట్టు మిగులుతుంది.

వీటన్నిటి కంటే వేరుగా చూడాల్సినవి విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్లు, వెడల్పు 200 మీటర్ల నుంచి 2 కిలోమీటర్ల దాకా. వీటిని గురించి భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1886లోనే రాశారు. సినిమా పాటల పుణ్యమా అని ఈ ఎర్రటి లోయలు తెలియని తెలుగువారు లేరు గానీ, వాటి గోడను దగ్గరగా చూసినవారు తక్కువ. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక రంగు, ఇంకా కింద సున్నపు గడ్డలు చిక్కుకున్న ముదురు ఎరుపు పొర. ఎరుపు పైనుంచి ఎవరో పోసింది కాదు. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి నుంచి వచ్చిన ఇసుకలో గార్నెట్ వంటి ఇనుమున్న ఖనిజాలు కలిసి ఉంటాయి. వేల ఏళ్ల వానలకు, ఎండలకు అవి శిథిలమై, విడుదలైన ఇనుము తుప్పుగా ప్రతి రేణువుకూ పూత పట్టింది. అదే గార్నెట్ విడిగా భీమిలి బీచ్‌లో ఎర్రటి చారగా, ఇల్మనైట్ నల్లటి చారగా కనిపిస్తాయి. అల వెనక్కి పోయేటప్పుడు తేలికైన ఇసుకను తీసుకుపోయి బరువైన గింజల్ని వదిలేయడం వల్ల ఏర్పడే చారలవి.

దాదాపు 20 వేల ఏళ్ల క్రితం, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. బయటపడిన సముద్రపు అడుగు నుంచి గాలి ఇసుకను ఒడ్డుకు తోసింది. తర్వాత సముద్రం తిరిగి పైకి వచ్చింది. ఈ దిబ్బల్లో ఎంత భాగం గాలి తెచ్చింది, ఎంత భాగం వాగులు తెచ్చాయన్నదానిపై భూవిజ్ఞానుల మధ్య ఇంకా చర్చ నడుస్తోంది. ఏదైనా సరే, సముద్రం ఎక్కడం, దిగడం, వానలు మారడం ఆ పొరల్లో రాసి ఉంది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు తేరి నేలల్లో, శ్రీలంకలో మాత్రమే ఈ స్థాయిలో కనిపిస్తుంది. భూవిజ్ఞాన సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోపాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ చేరింది. అయినా 2024 జూలైలో ఈ దిబ్బల దగ్గరే యంత్రాలతో ఎర్రమట్టి తవ్వకం జరిగి పెద్ద ఆందోళన రేగింది. తుపానుకు కోసుకుపోయిన మామూలు దిబ్బకు సముద్రం మళ్లీ ఇసుక తెచ్చి పెట్టగలదు. ఎర్రమట్టి దిబ్బకు తెచ్చి పెట్టే గాలీ, అప్పటి ఒడ్డూ ఇప్పుడు లేవు. అక్కడ ఎత్తిన ప్రతి లారీ మట్టీ శాశ్వతంగా పోయినట్టే. కాబట్టి రక్షిత హద్దు గోడలా కనిపించే ఎర్ర భాగం దగ్గర ఆగకూడదు, వాన నీరు ఏ నేల మీదుగా ఆ లోయల్లోకి దిగుతుందో అంతవరకూ ఉండాలి.

బతికున్న దిబ్బలకు మాత్రం తవ్వకాల కన్నా పెద్ద దెబ్బ దూరం నుంచి తగులుతోంది. గోదావరి 1970ల్లో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేర్చేది. 2000 తర్వాత అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఇందులో ఎక్కువ భాగం సన్నటి మట్టే అయినా, ఇసుక దానికన్నా ముందే ఆనకట్టల వెనక ఆగిపోతుంది. ఆగకుండా మిగిలినది ర్యాంపుల నుంచి లారీలకెక్కుతుంది. అంటే నది ముఖం దగ్గర అలలకు పంచడానికి ఇసుక తగ్గిపోయింది. అలలు మాత్రం తమ పని మానవు. ఉన్న ఒడ్డు నుంచే తీసుకుంటాయి.

కాకినాడ పక్కన ఉప్పాడలో ఇది కళ్లముందే జరుగుతోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు ఒక్కొక్కటే సముద్రంలో కలిశాయి. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ, ఉప్పాడ రోడ్డు మళ్లీ తెగుతూనే ఉంది. రాతి గట్టుకు తగిలిన అల బలం కోల్పోకుండా వెనక్కి తిరిగి, గట్టు కాళ్ల దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. గట్టు ఉన్నంత మేర ముందు బీచ్ ఉండదు, గట్టు ఆగినచోట పక్క ఊరికి కోత మొదలవుతుంది. ఉప్పాడ కోతకు కారణాలు ఒకటి కాదు. గోదావరి ముఖం దగ్గర పెరిగిన ఇసుక నాలుక, అల దిక్కు, పోర్టు పనులు అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ వెనక ఎత్తయిన దిబ్బ ఉండి ఉంటే కుటుంబాలకు తప్పుకోవడానికి కాలమైనా దొరికేది.

తూర్పు తీరంలో అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుపుతాయి. ఏటా లక్షల ఘనపు మీటర్లు. సముద్రంలోకి అడ్డంగా ఒక గోడ కడితే దాని దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. 1933లో తెరిచిన విశాఖ పోర్టు ఈ పాఠం మొదటి నుంచీ నేర్చుకుంటూనే ఉంది. అక్కడ ముఖద్వారం కాపాడటానికి అప్పట్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా పెట్టారు. 1970ల్లో బయటి హార్బర్ గోడలు వచ్చాక ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు ఇసుక అందడం తగ్గింది. గోడ దక్షిణాన పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్ వైపు పోసే పని అప్పటి నుంచీ చేయాల్సి వస్తోంది. ఏ ఏడాది ఆ పని సరిగా జరగకపోయినా బీచ్ రోడ్డు పక్క గోడ కింద ఇసుక జారిపోతుంది. అలలు ఉచితంగా చేసే పనిని డబ్బు పెట్టి, ఆపకుండా చేయడం అంటే ఇదే.

1991 నుంచి తీర నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బల్ని చదును చేయడం, మార్చడం నిషేధం. 2019 నోటిఫికేషన్ కూడా దిబ్బల్ని అత్యంత సున్నితమైన ఒకటో 'ఎ' మండలంలోనే ఉంచింది. చట్టం గట్టిదే. లోపం పటాల్లో ఉంది. దిబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీసినప్పుడు గడ్డి లేని చోటు, సరుగుడు వేసిన చోటు, అంతకుముందే చదును చేసిన చోటు చాలాసార్లు దిబ్బగా లెక్కలోకి రావు. ముందు గీకేసి తర్వాత "ఇక్కడ దిబ్బ లేదు" అనడానికి అది వీలిస్తుంది. పాత ఉపగ్రహ చిత్రాలను, పాత సర్వే పటాలను పక్కన పెట్టుకుని, ఒకప్పుడు దిబ్బ ఉన్న ప్రతి చోటునూ దిబ్బగానే గుర్తించాలి.

ఇప్పుడు రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో ఒకేసారి మూడు కొత్త పోర్టులు కడుతున్నారు. మూడింటికీ సముద్రంలోకి చొచ్చుకుపోయే అలల గోడలు ఉంటాయి. విశాఖలో దశాబ్దాల తర్వాత కళ్లు తెరిచిన సంగతిని ఈ మూడు చోట్లా మొదటి రోజు నుంచే ఖర్చులో రాయాలి. గోడకు దక్షిణాన చేరిన ఇసుకను ఏటా ఉత్తరానికి దాటించే డ్రెడ్జింగ్ ఖర్చు పోర్టు ఒప్పందంలోనే ఉండాలి. ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాల దగ్గర ఒడ్డు గీత, దిబ్బ ఎత్తు ఇప్పుడే కొలిచి పెట్టుకోవాలి. గోడ లేచాక తీసుకునే మొదటి కొలతకు పోల్చి చూసే పాత కొలత ఉండదు, నష్టపరిహారం అడిగే ఊరి చేతిలో రుజువూ ఉండదు.